ఇరవయ్యా, అరవయ్యా?

పోయిన ఏడాది అమ్మ కోసం ఒక ఆన్‌లైన్ ఫారం నింపుతున్నాను. తను ఊళ్లో ఉంది, నేను హైదరాబాద్‌లో. అమ్మ ఫోన్‌లో ఆధార్ నంబరు చదువుతుంటే నేను టైప్ చేస్తున్నాను. పన్నెండో అంకె కొట్టగానే కింద ఎర్రటి అక్షరాలు వచ్చాయి: నంబరు సరిగ్గా లేదు. మళ్లీ చదివించుకున్నాక తెలిసింది. అమ్మ చెప్పింది ఇరవై ఏడు, నాకు వినపడింది అరవై ఏడు.

నేనింకా సబ్‌మిట్ నొక్కనేలేదు. ఆ నంబరు ఎవరిదో కనుక్కోవడానికి అది ఎక్కడికీ వెళ్లలేదు. మరి తప్పని అప్పటికప్పుడు ఎలా తెలిసింది?

ఆధార్‌లో మొదటి పదకొండు అంకెలకీ ఏ అర్థమూ లేదు, యాదృచ్ఛికంగా ఇచ్చినవే. పన్నెండోది మాత్రం అలా ఇచ్చింది కాదు, ముందున్న పదకొండింటినీ లెక్కకట్టి తేల్చింది. ఒక్క అంకె మారినా ఆ లెక్క తప్పుతుంది. ఆ లెక్క చేసే పద్ధతే అల్గారిదం.

ఈ మాట వినగానే మనకి ఏ వీడియో చూపించాలో తేల్చే యూట్యూబ్ గుర్తొస్తుంది. నిజానికి ఏ పని తర్వాత ఏ పని చెయ్యాలో అనుమానానికి తావు లేకుండా చెప్పిన మెట్ల వరసే అల్గారిదం. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్ పండితుడు అల్ ఖ్వారిజ్మీ భారతీయ అంకెలతో లెక్కలు చేసే విధానం మీద ఒక గ్రంథం రాశాడు. లాటిన్‌లోకి వెళ్లేసరికి ఆయన పేరు అల్గోరిట్మీ అయింది, ఈ మాట అక్కణ్ణుంచే వచ్చింది. అంటే కంప్యూటర్ లేని రోజుల్లో, సున్నాతో సహా మన పది అంకెలు వాడే పద్ధతికి పెట్టిన పేరన్నమాట. నాకు ఇది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఇలా మిగతా అంకెల్లో తప్పుని పట్టిచ్చే చివరి అంకెని కాపలా అంకె అందాం. ఈ తరహా పద్ధతుల్లో చేత్తో చేసి చూడగలిగింది ఒకటుంది. ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ దానికి 1954లో పేటెంట్ అడిగాడు, 1960లో వచ్చింది. బ్యాంకు కార్డుల నంబర్లకి ఇప్పటికీ అదే. 2741 తీసుకోండి. కుడి నుంచి ఎడమకి వస్తూ, అంకె విడిచి అంకెని రెట్టింపు చెయ్యాలి. 1 అలాగే ఉంటుంది. 4 కాస్తా 8 అవుతుంది. 7 అలాగే. 2 వచ్చి 4. మొత్తం 20. పదితో నిశ్శేషంగా భాగించబడింది కాబట్టి నంబరు సరైనదే. ఇప్పుడు ఇరవై ఏడుని అరవై ఏడుగా విన్నామనుకోండి, అది 6741. ఆరు రెట్టింపు 12, రెండంకెలు వస్తే వాటిని కలపాలి, అంటే 3. మొత్తం 19. దొరికిపోయింది.

రెట్టింపు ఎందుకు, ఊరికే కూడితే చాలదా? చాలదు. 27లో అంకెలు కూడినా 72లో కూడినా తొమ్మిదే. మనం తొందరలో చేసే తప్పుల్లో పక్కపక్క అంకెలు తారుమారు చెయ్యడం ఒకటి. ఒక అంకె విడిచి ఒకటి రెట్టింపు చేస్తే స్థానం మారగానే మొత్తం మారుతుంది. 7241 వేసి చూడండి, 16 వస్తుంది. ఇంత చక్కటి పద్ధతికీ ఒక కన్నం ఉంది: 09ని 90గా రాస్తే పట్టుకోలేదు. సున్నా రెట్టింపు సున్నాయే, తొమ్మిది రెట్టింపు 18, అంకెలు కలిపితే మళ్లీ తొమ్మిదే.

ఆ కన్నం పూడ్చింది యాకోబస్ వెర్‌హూఫ్ అనే డచ్ గణితవేత్త, 1969లో. ఆధార్‌లో ఉన్నది ఆయన పద్ధతే. కూడికలో ఏది ముందైనా ఫలితం ఒక్కటే, అసలు చిక్కు అదే అని ఆయన గ్రహించాడు. ఒక అట్టముక్కని ఐదు భుజాలూ సమానంగా కత్తిరించి, మూలలకి గుర్తులు పెట్టండి. ఒక మూల తిప్పి ఆ తర్వాత బోర్లిస్తే ఒకలా ఉంటుంది, ముందు బోర్లించి తర్వాత అదే వైపుకి తిప్పితే ఇంకోలా ఉంటుంది. ఆ అట్టని ఉంచగలిగే తీర్లు సరిగ్గా పది, అంకెలూ పది. అంకెల్ని కూడే బదులు ఈ తిప్పుళ్లని ఒకదాని తర్వాత ఒకటి చేశాడు. దానికి తోడు, స్థానాన్ని బట్టి ఒక్కో అంకెనీ ముందే మార్చేలా ఇంకో పట్టిక పెట్టాడు. దాంతో ఒక అంకె తప్పు, పక్కపక్క అంకెల తారుమారు, ఈ రెండింట్లో ఏదీ తప్పించుకోదు.

అయితే కాపలా అంకె ఒప్పుకున్నంత మాత్రాన ఆ నంబరు ఉందనీ కాదు, అది మీదేననీ కాదు. ఇష్టం వచ్చినట్టు పన్నెండు అంకెలు రాస్తే పదింటిలో ఒకటి ఈ పరీక్ష దాటుతుంది. ఎవరైనా నంబరు చూపించి 'ఫోన్ ఓకే అంది' అంటే అంకెలు పొందికగా ఉన్నాయని మాత్రమే అర్థం.

ఇక మన మొబైల్ నంబర్లో ఈ కాపలా అసలే లేదు. పది అంకెల్లో ఒకటి మారితే ఎర్ర అక్షరాలు రావు, చాలాసార్లు అది ఇంకెవరి నంబరో అయి ఉంటుంది. యూపీఐలో డబ్బులు పంపేముందు స్క్రీన్ మీద అవతలివాళ్ల పేరు కనిపిస్తుంది కదా, ఇక్కడ లేని పదకొండో అంకె పని ఆ పేరే చెయ్యాలి. దాన్ని చదవాల్సింది మనం. అమ్మ ఇప్పుడు ఏ నంబరు చెప్పినా ఇరవై ఏడు అనదు, 'రెండు, ఏడు' అంటుంది.