నీళ్ళలోకి దిగకపోయినా ప్రమాదమే: రెడ్‌వుడ్ తీరంలో క్యాంపింగ్, అపోహలు – వాస్తవాలు

వేసవి సెలవులు దగ్గరపడితే చాలు, నాకు ఫోన్లు మొదలవుతాయి. శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలోని తెలుగు కుటుంబాలను ఉత్తర కాలిఫోర్నియా రెడ్‌వుడ్ అడవులకు క్యాంపింగ్‌కు తీసుకెళ్ళడం నా పని. అందరూ ఎలుగుబంట్ల గురించే అడుగుతారు. సముద్రం ఊసు ఎవరూ ఎత్తరు. నేనే ఎత్తితే, “మేము ఈత కొట్టం కదండీ, అంచున నిలబడి కాళ్ళు తడుపుకుంటాం, అంతే” అంటారు. ఆ మాట వింటే నాకు గుండెలో రాయి పడినట్టే ఉంటుంది. ముందు దాని సంగతి తేలుద్దాం.

అపోహ: నీళ్ళలోకి దిగకపోతే ప్రమాదం లేదు.

ఈ తీరంలో కొట్టుకుపోయినవాళ్ళలో చాలామంది ఈతకు దిగినవాళ్ళు కారు. ఇసుక మీద నడుస్తున్నవాళ్ళు, బండల మీద నిలబడి ఫొటో తీయించుకుంటున్నవాళ్ళు. దీనికి కారణం స్నీకర్ వేవ్. పసిఫిక్‌లో వేల కిలోమీటర్ల దూరంలో తుపాను రేగుతుంది. అక్కడ పుట్టిన అలలు గుంపులుగా ఇక్కడికి చేరతాయి. ఒక గుంపుకూ ఇంకో గుంపుకూ మధ్య పది, ఇరవై నిమిషాలు సముద్రం నెమ్మదిగా ఉంటుంది. మనం చూసేది ఆ నెమ్మదినే. ఆ తర్వాత వచ్చే అల అంతకుముందు అలలు ఆగిన గీతను దాటి చాలా దూరం పైకి ఉరికి వస్తుంది. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా బెడద ఎక్కువ. అలాగని వేసవిలో నిశ్చింతగా ఉండవచ్చని కాదు. బిగ్ లగూన్ లాంటి ఏటవాలు బీచ్‌లలో వెనక్కి మళ్ళే నీరు కాళ్ళ కింది ఇసుకను కూడా లాగేస్తుంది. బట్టల్లో ముతక ఇసుక నిండితే లేవడమే కష్టం.

“విశాఖలో పుట్టి పెరిగాం, సముద్రం మాకు కొత్తా?” అనేవాళ్ళకు ఒకటే చెబుతాను. ఆర్కే బీచ్ కూడా ప్రాణాలు తీస్తూనే ఉంది. అయినా అక్కడి నీరు 28 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. ఇక్కడ నడి వేసవిలో కూడా 10 నుంచి 13 డిగ్రీలే. ఎండాకాలం గాలులు పైనీటిని తోసేస్తే అడుగున ఉన్న చల్లని నీరు పైకి వస్తుంది. అంత చల్లని నీటిలో పడగానే మన ప్రమేయం లేకుండా ఒక్కసారిగా పెద్దగా ఊపిరి పీల్చేస్తాం. ఆ క్షణంలో తల నీటిలో ఉంటే ఊపిరితిత్తుల్లోకి పోయేది నీరే. మొదటి నిమిషం గడిచి ఊపిరి అదుపులోకి వచ్చినా, పది నిమిషాల్లో చేతులు, కాళ్ళు మాట వినవు. గజ ఈతగాడికైనా ఇంతే.

2012 నవంబరులో బిగ్ లగూన్‌లో ఒక కుటుంబం నడుస్తుండగా వాళ్ళ కుక్కను అల లాక్కుపోయింది. దాన్ని కాపాడబోయి, తర్వాత ఒకరి కోసం ఒకరు నీటిలోకి వెళ్ళి తండ్రి, తల్లి, కొడుకు ముగ్గురూ ప్రాణాలు కోల్పోయారు. కుక్క తనంతట తానే ఒడ్డుకు వచ్చేసింది. ఎవరైనా కొట్టుకుపోతే కళ్ళెదుట చూస్తూ ఆగడం ఎంత నరకమో నేను ఊహించగలను. అయినా దిగవద్దు. అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయండి, తేలే వస్తువు ఏదైనా విసరండి, మనిషి మీదనుంచి చూపు తిప్పకండి.

ఒక జూన్‌లో గోల్డ్ బ్లఫ్స్ బీచ్‌కు రాజమహేంద్రవరం నుంచి కూతురి దగ్గరకు వచ్చిన ఒక పెద్దావిడ మాతో వచ్చారు. “సముద్రం దాకా వచ్చి నాలుగు చుక్కలు నెత్తిన చల్లుకోకుండా ఎలా వెళ్తాం బాబూ?” అన్నారు. “కాసేపు చూద్దాం పిన్నిగారూ” అని ఇసుక పైభాగాన కూర్చోబెట్టాను. అలలన్నీ ఒకే నురుగు గీత దగ్గర ఆగి వెళ్తున్నాయి. ఆ గీతకు చాలా ఇవతల, మనిషి నడుమంత లావు దుంగ ఒకటి పడి ఉంది. పావుగంట గడిచాక ఒక అల వచ్చింది. చూడడానికి పెద్దదేమీ కాదు, చీలమండ లోతు నీరు. ఆ దుంగ మాత్రం పైకి లేచి, సగం దొర్లి, అడ్డం తిరిగి ఆగింది. ఆ దుంగ మీదే అంతకుముందు పిల్లలు ఎక్కుతామని మారాం చేశారు. పిన్నిగారు చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఇంకో నాలుగడుగులు వెనక్కి జరిగారు. తర్వాత దగ్గర్లోని ఫెర్న్ కాన్యన్ అనే ఇరుకు లోయ నుంచి వచ్చే వాగు దగ్గరకు తీసుకెళ్ళాను. తృప్తిగా నీళ్ళు చల్లుకున్నారు.

నా బృందాలకు నేను పెట్టే నియమాలు ఇవే: బీచ్‌కు చేరగానే ఎత్తున నిలబడి ఇరవై నిమిషాలు చూడాలి. తడిసిన ఇసుక మీద అడుగు పెట్టకూడదు. దుంగలు ఎక్కకూడదు. పిల్లల చేయి వదలకూడదు. ఫొటోకు సముద్రం వెనుక ఉండాలని అందరూ పట్టుబడతారు. అంటే ఇంటిల్లిపాదీ ఒకేసారి సముద్రానికి వీపు పెట్టడం. కొండచరియను వెనుక పెట్టుకోండి, ఫొటో ఇంకా బాగా వస్తుంది. బయలుదేరే ముందు యురేకాలోని వాతావరణ కార్యాలయం బీచ్ హెచ్చరికలు జారీ చేసిందేమో చూసుకోండి.

అపోహ: సునామీ వస్తే సైరన్ మోగుతుంది, అప్పుడు పరుగెత్తవచ్చు.

తీరంలో ఉండగా భూమి గట్టిగానో, చాలాసేపో కంపిస్తే అదే సైరన్. వెంటనే ఎత్తుకు నడవండి. 1964లో అలాస్కా భూకంపం తర్వాత ఇదే తీరంలోని క్రెసెంట్ సిటీ పట్టణాన్ని ముంచిన అలల్లో నాలుగోది అన్నిటికన్నా పెద్దది. మొదటి అలలు తగ్గాయని కొందరు తిరిగి వచ్చేశారు. మొత్తం 11 మంది చనిపోయారు.

అపోహ: ఆగస్టు కదా, చలి ఏముంటుంది?

బే ఏరియాలోని ప్లెజంటన్‌లో 35 డిగ్రీలు ఉన్న రోజున గోల్డ్ బ్లఫ్స్‌లో పొగమంచు, 15 డిగ్రీలు. ఆ పొగమంచే రెడ్‌వుడ్ చెట్లకు వేసవి తేమ. పలుచని దుప్పట్లతో వచ్చి, రాత్రి పసిపిల్ల వణుకుతుంటే బొగ్గుల కుంపటిని గుడారంలోకి తెచ్చిన తల్లిదండ్రులను నేను చూశాను. వాళ్ళ మీద కోపం రాలేదు, వెన్నులో చలి పుట్టింది. బొగ్గులు ఎర్రగా, పొగ లేకుండా ఉన్నా కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. దానికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. కుంపటి గానీ, గ్యాస్ పొయ్యి గానీ గుడారంలోకి రాకూడదు. మంచి స్లీపింగ్ బ్యాగు, కింద పరచడానికి మందపాటి చాప, ఉన్ని టోపీ తెచ్చుకోండి.

ఇక ఎలుగుబంట్లు. ఇక్కడ ఉన్నవి నల్ల ఎలుగులు. మీ కన్నా మీ ఆవకాయ సీసా మీదే వాటికి ఆసక్తి. నెయ్యి, టూత్‌పేస్టుతో సహా వాసన వచ్చేవన్నీ ఇనుప పెట్టెలో పెట్టి గడియ వేయండి. కింద పడ్డ పులిహోర మెతుకులూ ఎత్తేయండి. వాటి కోసం వచ్చే కాకులు, జే పిట్టలు రెడ్‌వుడ్ కొమ్మల మీద గూడు పెట్టే మార్బుల్డ్ మర్‌లెట్ అనే సముద్రపక్షి గుడ్లను తినేస్తాయి. ఎల్క్‌లు (పెద్ద జాతి దుప్పులు) సాధుజంతువులనుకుని సెల్ఫీలకు పోకండి. ప్రపంచంలోనే ఎత్తైన చెట్టు హైపెరియన్‌ను చూపించమని అడగకండి. దాదాపు 116 మీటర్ల ఆ చెట్టు వేళ్ళను జనం తొక్కేస్తున్నారని 2022లో ఆ ప్రాంతాన్ని మూసేశారు. వెళ్తే 5,000 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు.

ఇవన్నీ విని, “అయితే పిల్లలతో మానేస్తాం” అని బుకింగ్ రద్దు చేసుకున్నవాళ్ళూ ఉన్నారు. మానవద్దు. భయంగా ఉంటే గుడారం తీరంలో కాకుండా చెట్ల మధ్య, జెడెడయా స్మిత్ క్యాంప్‌గ్రౌండ్‌లోనో ఎల్క్ ప్రెయిరీ క్యాంప్‌గ్రౌండ్‌లోనో వేసుకోండి. పగటిపూట బీచ్ చూసి వచ్చేయండి. చోటు కావాలంటే ఆరు నెలల ముందే బుక్ చేయాలి. మే 15 నుంచి సెప్టెంబరు 15 మధ్య ఫెర్న్ కాన్యన్‌కు కారులో వెళ్ళాలంటే పర్మిట్ విడిగా తీసుకోవాలి. అక్కడ ఫోన్ సిగ్నల్ దొరకదు కాబట్టి దాన్ని ఇంట్లోనే ప్రింట్ తీసి పెట్టుకోండి.