ఐసీయూలో ఊపిరి పాఠాలు: అపోహలు, వాస్తవాలు

నర్సింగ్ చివరి సంవత్సరంలో ఐసీయూ పోస్టింగ్‌కి వెళ్లేనాటికి శ్వాసకోశ పాఠాలన్నీ నాకు కంఠతా వచ్చు. మంచం పక్కన నిలబడ్డాక మాత్రం చాలా విషయాలు మళ్లీ మొదటినుంచి నేర్చుకోవలసి వచ్చింది. రోగుల బంధువులు నమ్మేవి కొన్ని, మా విద్యార్థులు నమ్మేవి కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఆక్సీమీటర్ 96 చూపిస్తోందంటే ఊపిరికి ఢోకా లేదు.

వాస్తవం: ఎక్కువ ప్రమాదం తెచ్చిపెట్టేది ఇదేనని నా నమ్మకం. ఆ చిన్న పరికరం ఎరుపు, పరారుణ కాంతులను వేలి గుండా పంపి, రక్తంలోని హిమోగ్లోబిన్‌లో ఎంత శాతం ఆక్సిజన్‌ను మోస్తోందో అంచనా కడుతుంది. ఆ ఆక్సిజన్ కోసం మనిషి ఎంత అవస్థ పడుతున్నాడో దానికి తెలియదు. కార్బన్ డయాక్సైడ్ ఎంత పేరుకుందో అసలే తెలియదు. వేళ్లు చల్లబడినా, గోళ్లకు రంగు ఉన్నా లెక్క తప్పవచ్చు. ముదురు రంగు చర్మం ఉన్నవారిలో ఉన్నదానికంటే ఎక్కువ చూపించే అవకాశం ఉంది. మంటల పొగలో చిక్కుకున్నవారి రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ చేరితే, దాన్నీ ఆక్సిజన్‌గానే లెక్కగట్టి మంచి అంకె చూపిస్తుంది.

న్యుమోనియాతో వచ్చిన ఒక పెద్దాయనకు మాస్కుతో ఆక్సిజన్ ఇస్తున్నాం. మానిటర్‌పై 96 ఉంది. చార్టులో శ్వాస వేగం దగ్గర, పై గడుల్లో ఉన్నట్టే, 20 అని రాయబోయాను. సీనియర్ సిస్టర్ నా చేతిలోని పెన్ను తీసుకుని, "ఆయన పొట్టమీద చెయ్యి వేసి నిండు నిమిషం లెక్కపెట్టమ్మా" అన్నారు. లెక్క 34కి వచ్చింది. చేయి అక్కడ ఉన్నప్పుడే మిగతావీ కనిపించాయి. ఊపిరి పీల్చినప్పుడల్లా మెడ ఎముకల పైన గుంట పడుతోంది. ముక్కుపుటాలు అదురుతున్నాయి. పేరు అడిగితే రెండు అక్షరాలకోసారి ఆగుతున్నారు. సిస్టర్ వెంటనే డాక్టర్‌ను పిలిచారు. ఆ 96 నిజమే, కానీ దాన్ని నిలబెట్టడానికి ఆయన ఒంట్లో ఉన్న సత్తువంతా ఖర్చవుతోంది.

పెద్దవారిలో శ్వాస వేగం నిమిషానికి 12 నుంచి 20 వరకు ఉండాలి. రోగి పరిస్థితి దిగజారడాన్ని ముందే పసిగట్టడానికి వాడే న్యూస్-2 స్కోరులో 25, అంతకు మించిన వేగానికి 3 పాయింట్లు వేస్తారు. ఆక్సిజన్ 91కి పడిపోయినప్పుడు వేసేదీ అంతే. అయినా వార్డుల్లో ఊహతో నింపేసే గడి ఇదొక్కటే. తోటి విద్యార్థులను బతిమాలి అడుగుతున్నాను, దయచేసి లెక్కపెట్టండి.

అపోహ: ఆక్సిజన్ ఎంత పెంచితే అంత మంచిది.

వాస్తవం: ఆక్సిజన్ మందు. ప్రతి మందుకీ ఉన్నట్టే దానికీ మోతాదు ఉంది. ఎక్కువమందికి 94 నుంచి 98 శాతం లక్ష్యం. సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకయ్యే దీర్ఘకాల జబ్బు) వల్ల కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయే ముప్పు ఉన్నవారికి 88 నుంచి 92 చాలు. వారికి అతిగా ఇస్తే మెదడు ఊపిరి తీయడం మరచిపోతుందని మాత్రమే మాకు చెప్పేవారు. అసలు కథ అంతకంటే పెద్దది. గాలి సరిగా అందని ఊపిరితిత్తి భాగాలకు శరీరం తనంతట తానే రక్తప్రవాహం తగ్గించుకుంటుంది. అధిక ఆక్సిజన్ ఆ ఏర్పాటును చెడగొడుతుంది, దాంతో కార్బన్ డయాక్సైడ్ ఇంకా పేరుకుంటుంది. అందుకే రోగి మీద ప్రేమతోనైనా సరే, ఆక్సిజన్ మీటరు మర బంధువులు తిప్పకూడదు.

అపోహ: వెంటిలేటర్ పెట్టారంటే ఆశ వదులుకోవాల్సిందే.

వాస్తవం: 1952లో కోపెన్‌హేగన్‌లో పోలియో విజృంభించి, ఊపిరి కండరాలు చచ్చుబడిన రోగులు వరుసగా చనిపోతున్నప్పుడు, బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు వైద్యుడు గొంతుకు రంధ్రం చేసి, ట్యూబు వేసి, సంచితో గాలి కొట్టించాడు. యంత్రాలు చాలలేదు. సుమారు 1500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా చేతులతోనే సంచులు నొక్కారు. మరణాల శాతం సగానికి పైగా తగ్గింది. నేటి ఐసీయూలకు మూలం అదే. వెంటిలేటర్ జబ్బును నయం చేయదు. మందులు పనిచేసేదాకా, ఊపిరితిత్తులు తేరుకునేదాకా గడువు ఇస్తుంది.

అది హాని చేయదనుకోవడమూ పొరపాటే. తీవ్రంగా దెబ్బతిన్న ఊపిరితిత్తుల్లోకి ఒక్కో ఊపిరికి, శరీర బరువులో కిలోకు 12 మిల్లీలీటర్ల బదులు 6 మిల్లీలీటర్ల గాలి పంపితే మరణాలు సుమారు 40 శాతం నుంచి 31 శాతానికి తగ్గాయని 2000లో ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. ఇక్కడ కిలో అంటే తూకపు యంత్రం చూపేది కాదు, ఎత్తును బట్టి లెక్కగట్టిన బరువు. మనిషి లావైనంత మాత్రాన ఊపిరితిత్తులు పెరగవు కదా. అందుకే కొత్త రోగి రాగానే నేను టేపు పట్టుకుని తల నుంచి మడమ దాకా కొలుస్తాను.

రెండు గంటలకోసారి తప్పనిసరిగా సక్షన్ (సన్నని గొట్టంతో ట్యూబులోని కఫం లాగేయడం) చేయాలనేది మా విద్యార్థుల్లో పాతుకుపోయిన మరో నమ్మకం. గడియారాన్ని బట్టి కాదు, అవసరాన్ని బట్టి చేయాలి. ట్యూబులో కఫం శబ్దం, వెంటిలేటర్‌లో పెరిగిన గాలి ఒత్తిడి, తగ్గిన ఆక్సిజన్, ఇవీ గుర్తులు. చేసినా 15 సెకన్లు దాటకూడదు. అలారం మోగినప్పుడు కూడా ముందు చూడవలసింది ఛాతీ లేస్తోందా లేదా అన్నదే, తెర మీది అక్షరాలు కాదు.

అపోహ: ట్యూబు ఉన్నవారికి ఏమీ తెలియదు, ఏమీ వినపడదు.

వాస్తవం: ఇప్పుడు వీలైనంత తేలికపాటి మత్తే ఇస్తున్నారు. చాలామందికి వినపడుతుంది. ట్యూబు స్వరతంత్రుల మధ్యగా వెళ్తుంది కాబట్టి గొంతు పెగలదు, అంతే. ముట్టుకునే ముందు పేరు పెట్టి పిలిచి, ఏం చేయబోతున్నానో చెబుతాను. పగలో రాత్రో, ఏ వారమో కూడా చెబుతాను.

ఆ పెద్దాయనకు మర్నాడు ట్యూబు వేశారు. నాలుగో రోజు ఆయన కాళ్లు కదిలిస్తూ, తల అటూ ఇటూ తిప్పుతూ ఉన్నారు. మానిటర్‌లో అన్ని అంకెలూ బాగానే ఉన్నాయి. నొప్పా అని అడిగితే కాదన్నట్టు తల ఊపారు. అక్షరాల పలక పట్టుకున్నాను. వేలు వణుకుతూ ముందు 'కి' దగ్గర ఆగింది, తర్వాత 'టి' దగ్గర. మూడో అక్షరం దాకా ఆగకుండా వెళ్లి కిటికీ తెర పక్కకు లాగాను. వెలుతురు మంచం మీద పడింది. ఆయన తల అటు తిప్పి అలాగే ఉండిపోయారు, కాళ్లు కదలడం ఆగిపోయింది.