రాసిన వెలుగే చెరిపింది

హైదరాబాద్ శివార్లలో డేటా కేంద్రాలు పెరిగేకొద్దీ ఒక పాత ఆశ మళ్లీ తలెత్తుతోంది. ఇంత సమాచారానికి ఇన్ని డిస్కులెందుకు, స్ఫటికం లోపల హాలోగ్రాములుగా, అంటే రెండు కాంతి పుంజాలు కలిసి గీసే నమూనాలుగా, దాచవచ్చు కదా అని అంటున్నారు. ఈ లెక్క 1963 నాటిది. ఎన్ని బిట్లు పడతాయో తెలియాలంటే స్ఫటికం ఘనపరిమాణాన్ని కాంతి తరంగదైర్ఘ్యపు ఘనంతో భాగించాలని పోలరాయిడ్ సంస్థలో పీటర్ వాన్ హీర్డెన్ చూపాడు. అర మైక్రాన్ తరంగదైర్ఘ్యానికి ఒక ఘన సెంటీమీటరులో 8 లక్షల కోట్ల బిట్లు పడతాయి, అంటే ఒక టెరాబైట్. వినేవారికి ఈ అంకె ఒక్కటే గుర్తుంటుంది.

గుర్తుంచుకోవలసినది 1966. ఆ ఏడాది బెల్ ల్యాబ్స్‌లో లిథియం నయోబేట్ అనే స్ఫటికం గుండా లేజర్ పంపితే కాంతి దారి చెదిరింది. దాన్ని స్ఫటికానికి జరిగిన నష్టంగా నమోదు చేశారు. రెండేళ్లకే ఆ నష్టాన్నే రాతగా మలచుకున్నారు. వెలుగు పడిన చోటి నుంచి ఎలక్ట్రాన్లు జరుగుతాయి, వక్రీభవన గుణకం మారుతుంది, హాలోగ్రాం నిలుస్తుంది. చిక్కూ అక్కడే పుట్టింది. ఒక్కో హాలోగ్రాం ఒక పేజీ సమాచారం; తర్వాతి పేజీని రాసే వెలుగు ముందు పేజీని కొంత చెరుపుతుంది. చదివే వెలుగూ చెరుపుతుంది. 1971లో అమెరికా ఎలక్ట్రానిక్స్ సంస్థ ఆర్‌సీఏ పరిశోధకులు స్ఫటికాన్ని వేడిచేసి రాతను స్థిరపరిచారు. అయితే అలా స్థిరపడినదాన్ని పేజీ పేజీగా తిరగరాయడం కుదరదు.

ఇక పేజీల సంఖ్య పెరిగితే ఒక్కో పేజీ తిరిగి పంపే వెలుగు ఆ సంఖ్య వర్గానికి విలోమంగా తగ్గుతుంది. 1993లో కాల్‌టెక్‌కు చెందిన ఫాయ్ మోక్ ఒకే స్ఫటికంలో 5,000 హాలోగ్రాములు నిలిపినట్టు ప్రకటించాడు. అది గొప్ప విజయమే. కానీ స్ఫటికపు పట్టును, అంటే అది ఎంత బలంగా రాతను నిలుపుకోగలదో చెప్పే కొలతను, 1గా తీసుకుంటే, 5,000 పేజీలకు ఒక్కోదాని వాటా 2.5 కోట్లలో ఒక వంతు.

బెల్ ల్యాబ్స్ వారసత్వంతో 2000లో పుట్టిన ఇన్‌ఫేజ్, 300 గిగాబైట్ల డిస్కు వస్తుందని ఏళ్ల తరబడి చెప్పి 2010లో మూతపడింది. హార్డ్ డిస్కులు చవకవడమే కారణమని వ్యాపార వర్గాల మాట. అది కాదనలేం. అయితే ఇన్‌ఫేజ్ ఎంచుకున్న ఫోటోపాలిమర్ (వెలుగు తగిలితే మారే ప్లాస్టిక్ లాంటి పదార్థం) రాసేటప్పుడు సంకోచిస్తుంది, దానితో చదివే కోణం తప్పుతుంది. ధరల కంటే ముందు పదార్థమే అడ్డుపడిందన్న పరిశోధకుల వాదనే నాకు బలంగా తోస్తుంది.

నిల్వ మాటున మరుగునపడింది వెతుకులాట. ఒక పేజీని స్ఫటికంపై ప్రసరింపజేస్తే దాచిన పేజీలన్నింటితో ఒకేసారి పోల్చి, బాగా సరిపోలిన దాని దిశలో ప్రకాశవంతమైన చుక్క వెలుగుతుంది. అక్కడా పేజీలు పెరిగేకొద్దీ వెలుగు వాటా అలాగే తగ్గుతుంది. టెరాబైట్ మాట చెప్పేవారిని గచ్చిబౌలి (హైదరాబాద్ విశ్వవిద్యాలయం), కంది (ఐఐటీ హైదరాబాద్) ప్రాంగణాల భౌతికశాస్త్ర విద్యార్థులు రెండు విషయాలు అడగాలి: ఎన్ని పేజీలు రాశారు, ఎన్నిసార్లు చదివాక చెరిగాయి?