వలసకాలంలో తీర పక్షులు: ముందు వయసు, తర్వాతే పేరు (అపోహలు - వాస్తవాలు)

శరత్కాల వలసలో తీర పక్షులను గుర్తుపట్టడమంటే చాలామందికి టెన్షన్. బురద మీద వందల కొద్దీ బూడిద, గోధుమ రంగు పిట్టలు ఒకేలా పరుగులు తీస్తుంటాయి. ఏళ్లుగా వీటిని లెక్కపెట్టే పనిలో ఉన్నాను. కొత్తవాళ్లను చూపు కంటే ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి ముందే మనసులో నాటుకున్న కొన్ని నమ్మకాలు.

అపోహ: శరత్కాల వలస సెప్టెంబరులో మొదలవుతుంది.

జూన్ చివరికే మొదలైపోతుంది. వీటిలో చాలా జాతులు గూడు కట్టేది ఉత్తర ధ్రువం చుట్టూ ఉన్న ఆర్కిటిక్‌లో, అక్కడి వేసవి చాలా చిన్నది. కర్ల్యూ శాండ్‌పైపర్ అనే చిన్న తీర పక్షిలో మగది గుడ్లు పొదగదు, పిల్లలనూ చూసుకోదు. జత కట్టే కాలం ముగియగానే దక్షిణానికి బయల్దేరుతుంది. దాని తర్వాత ఆడవి, అందరికంటే చివర్లో ఆ ఏడు పుట్టిన పిల్లలు వస్తాయి. ఫాలరోప్‌లనే మరో రకం తీర పక్షుల్లో ఇది తలకిందులు: గుడ్లు పెట్టేసి ఆడది ముందు వెళ్లిపోతుంది, పొదిగే పని మగదానిది. అందుకే ఉత్తరార్ధగోళంలోని మజిలీల్లో జులైలో దిగిన గుంపులో ఎక్కువగా పెద్దవే ఉంటాయి. ఆగస్టు గడిచేకొద్దీ పిల్లలు కలుస్తాయి. నోట్‌బుక్‌లో రాసుకునే తేదీ కూడా గుర్తింపుకు పనికొస్తుంది.

అపోహ: పిల్లలకు దారి చూపించేది తల్లిదండ్రులే.

చాలా జాతుల్లో పిల్లలు బయల్దేరే వేళకు పెద్దవి ఎప్పుడో వెళ్లిపోయి ఉంటాయి. 2022 అక్టోబరులో బార్ టెయిల్డ్ గాడ్విట్ అనే తీర పక్షి ఒకటి అలాస్కా నుంచి ఆస్ట్రేలియాలోని టాస్మేనియాకు ఎక్కడా దిగకుండా 11 రోజుల్లో 13,560 కిలోమీటర్లు ఎగిరింది. దాని వయసు అప్పటికి సుమారు ఐదు నెలలు. ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

అపోహ: బొమ్మలో ఉన్న రంగుతో పోల్చి చూస్తే చాలు.

ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి. పుస్తకంలో కర్ల్యూ శాండ్‌పైపర్ ఇటుక ఎరుపులో ఉంటుంది. మీ ఎదుట ఉన్న పిల్లపక్షిలో ఆ ఎరుపు ఉండదు. వీపు మీద చేప పొలుసుల్లాంటి అంచులు, రొమ్ము మీద లేత పసుపు ఛాయ, అంతే. అందుకే పేరు జోలికి వెళ్లే ముందు ఇది పెద్దదా, పిల్లదా అని తేల్చుకోండి. పిల్లపక్షి ఈకలన్నీ ఒకేసారి మొలిచినవి కాబట్టి అన్నీ సమానంగా కొత్తగా, లేతరంగు అంచులతో తీర్చిదిద్దినట్టు ఉంటాయి. పెద్దదాని ఈకలు గూడు కట్టే కాలమంతా ఎండకు, రాపిడికి అరిగిపోయి ఉంటాయి. వాటి మధ్య అక్కడక్కడా బూడిదరంగు కొత్త ఈకలు మొలుస్తుంటాయి. చూడటానికి అతుకులేసిన బట్టలా ఉంటుంది.

వయసు తేలాక పోలిక సరైన బొమ్మతో జరుగుతుంది. పిల్ల లిటిల్ స్టింట్ వీపు మీద వి ఆకారంలో స్పష్టమైన తెల్ల గీతలు ఉంటాయి. పిల్ల డన్లిన్ పొట్ట పక్కల నల్లటి చుక్కలు కనిపిస్తాయి. ఆ తర్వాత ఆకారం చూడండి. ముక్కు తలతో పోలిస్తే ఎంత? మడిచిన రెక్క కొన తోక దాటిందా? సైజును మాత్రం ఒంటరి పక్షిలో అంచనా వేయకండి, పక్కన తెలిసిన పక్షి ఉన్నప్పుడే ఆ అంచనాకు విలువ.

అపోహ: ముక్కు పొడవు, వంపు ఖాయమైన గుర్తులు.

ఒకే జాతిలోనూ ముక్కు మారుతుంది. డన్లిన్‌లలో ఆడవాటి ముక్కు మగవాటికంటే పొడవు, ప్రాంతాన్ని బట్టి కూడా తేడా ఉంటుంది. పొడవు ముక్కు డన్లిన్‌ను కర్ల్యూ శాండ్‌పైపర్‌గా రాసుకున్నవాళ్లను చాలామందిని చూశాను. యురేషియన్ కర్ల్యూ (కర్ల్యూ శాండ్‌పైపర్ కాదు, వేరే పెద్ద పక్షి) పిల్లకు ముక్కు ఇంకా పూర్తిగా పెరిగి ఉండదు, దూరం నుంచి దానికంటే పొట్టి ముక్కున్న వింబ్రెల్ అనిపిస్తుంది. వింబ్రెల్ అయితే నడినెత్తిన లేత గీత, దానికి అటూ ఇటూ ముదురు పట్టీలు ఉంటాయి. ముక్కును వదిలి తల చూడండి.

ఈ జాగ్రత్త ఎందుకో స్లెండర్ బిల్డ్ కర్ల్యూ, అంటే సన్నని ముక్కు కర్ల్యూ కథ చెబుతుంది. అది నిర్వివాదంగా చివరిసారి కనిపించింది 1995లో, మొరాకోలో. 2025లో అంతరించిపోయినట్టు ప్రకటించారు. అలాంటి పక్షి కోసం వెతుకుతున్నప్పుడు పొట్టి ముక్కు పిల్ల కర్ల్యూని చూసి పొరబడటం చాలా తేలిక. ఆశపడి రాసిన ఒక్క తప్పు రికార్డు వెతికేవాళ్లను వేరే చోటికి పంపిస్తుంది.

అపోహ: కాళ్ల రంగు కనబడితే పని అయిపోయినట్టే.

టెమింక్స్ స్టింట్ కాళ్లు పసుపుపచ్చ, లిటిల్ స్టింట్‌వి నలుపు. నిజమే. కానీ బురద పట్టిన పసుపు కాళ్లు కూడా నల్లగానే కనబడతాయి. పక్షి నీళ్లలోకి దిగి కాళ్లు కడుక్కునేదాకా ఆగండి.

అపోహ: ఎగిరిపోతే అవకాశం పోయినట్టే.

కొన్ని జాతులు తేలేదే ఎగిరినప్పుడు. గ్రే ప్లోవర్ రెక్కలెత్తితే చంకల్లో నల్లటి మచ్చ కనబడుతుంది. గోల్డెన్ ప్లోవర్లకు అది ఉండదు. గ్రీన్ శాండ్‌పైపర్ రెక్క అడుగు భాగం ముదురు, ఉడ్ శాండ్‌పైపర్‌ది లేత. కర్ల్యూ శాండ్‌పైపర్‌కు తోక మొదట్లో తెల్లటి పట్టీ ఉంటుంది, డన్లిన్‌కు ఆ తెలుపును మధ్యలో నల్లగీత చీలుస్తుంది. కూత కూడా ఎక్కువగా అప్పుడే వినిపిస్తుంది.

అలాగని ఎగరగొట్టి మాత్రం చూడకండి. అవి అక్కడ దిగింది తిని కొవ్వు పట్టించుకోవడానికి. ప్రతిసారీ బెదిరి ఎగరడం వల్ల ముందున్న ప్రయాణానికి దాచుకుంటున్న శక్తి ఖర్చవుతుంది.

అపోహ: అనుభవం ఉన్నవాళ్లు ప్రతి పక్షికీ పేరు చెబుతారు.

మా లెక్కల షీట్లలో "స్టింట్, జాతి తేలలేదు" అనే వరుస ఎప్పుడూ ఉంటుంది. ఎండకు గాలి అలలు అలలుగా కదులుతున్న మధ్యాహ్నం అది ఇంకా పొడవవుతుంది. సముద్ర తీరమైతే పోటు మొదలయ్యే ముందే వెళ్లి, వెలుతురు వీపు వెనక ఉండేలా ఒకచోట కదలకుండా కూర్చోండి. నీళ్లు పెరిగేకొద్దీ బురద తగ్గి పక్షులే మీ దగ్గరికి జరుగుతాయి.