రాగి చేసే హంస పని

"పాత ఫోన్లలో బంగారం ఉంటే, వాటిని శుద్ధి చేయడానికి ఎదురు డబ్బు ఎందుకు ఇవ్వాలి?" అని ఒక విద్యార్థిని అడిగింది. బంగారం ఉన్న మాట నిజమే. అమెరికా భూగర్భ సర్వే వేసిన లెక్కలో 10 లక్షల సెల్‌ఫోన్లకు సుమారు 34 కిలోల బంగారం, 350 కిలోల వెండి, 16 వేల కిలోల రాగి ఉన్నాయి. అంటే ఫోనుకు 34 మిల్లీగ్రాముల బంగారం.

కానీ అదంతా కలగలిసి ఉంది. పాలనూ నీళ్లనూ వేరుచేసే హంస గురించి మనం విన్నాం. ఇక్కడ ఆ పని చేసేది కరిగిన రాగి. సర్క్యూట్ బోర్డులను కొలిమిలో వేస్తే బంగారం, వెండి, పల్లేడియం రాగిలో కరిగి అడుగుకు చేరతాయి. ఆక్సిజన్ అంటే ప్రాణమిచ్చే అల్యూమినియం, టాంటలం, నియోడిమియం ఆక్సైడ్లుగా మారి పైన తేలే లోహమలంలో (స్లాగ్) కలిసిపోతాయి. తరువాత ఆ రాగినే ఆనోడ్‌గా పెట్టి విద్యుద్విశ్లేషణ చేస్తారు. శుద్ధమైన రాగి కాథోడ్ మీద పేరుకుంటుంది. రాగికంటే చురుకైన నికెల్ ద్రావణంలోనే ఉండిపోతుంది. దేనితోనూ చర్య జరపడానికి ఇష్టపడని బంగారం ఆనోడ్ మడ్డిగా కిందికి రాలుతుంది.

లోహాలను చురుకుదనాన్ని బట్టి పేర్చిన పట్టిక, పదో తరగతిలో పిల్లల చేత బట్టీ పట్టించే చర్యాశీలత శ్రేణి ఇదే! ఆ పట్టికలో పైనున్నవి మలంలోకి, అడుగునున్నవి మన చేతికి. పాఠాన్ని ఇక్కడి నుంచి మొదలుపెడితే ఏ పిల్లా మరిచిపోదు. బోర్డులను ఆమ్లంలో ముంచితే పరుసవేది దొరికినట్టేనని నమ్మేవారూ ఉన్నారు. వారికి పైపూత బంగారం కొంత దక్కుతుంది. సీసం నేలలోకి, పొగలు వారి ఊపిరితిత్తుల్లోకి వెళతాయి.

లోహమలంలో పలచబడిన నియోడిమియాన్ని వెనక్కి తేవడానికి అయ్యే ఖర్చు దాని ధరను మించుతుంది. కాబట్టి అది ఉండే అయస్కాంతాన్ని కొలిమికి ముందే చేత్తో ఊడదీయాలి. ఆ కూలి కూడా లోహం ధరతో గిట్టదు. అయితే నియోడిమియం లాంటి అరుదైన మృత్తికల (రేర్ ఎర్త్స్) ఖనిజాలతో పాటు తరచుగా రేడియోధార్మిక థోరియం బయటికి వస్తుంది. పాత లోహాన్నే మళ్లీ వాడి తవ్వకం ఎంత తగ్గిస్తే ఆ బెడద అంత తగ్గుతుంది. ఆ మేలు ఏ బిల్లులోనూ కనబడదు.

పాత ఫ్రిజ్‌లలోని సీఎఫ్‌సీ-12 అనే శీతలీకరణ వాయువుదీ ఇదే కథ. వందేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్‌కంటే పదివేల రెట్లకు పైగా వేడిని పెంచే ఆ వాయువును పట్టి నాశనం చేస్తే అమ్ముకోవడానికి ఏ సరుకూ మిగలదు. పర్యావరణానికి మాత్రం బంగారం తీయడంకంటే అదే పెద్ద మేలని నా అభిప్రాయం.

అందుకే శుద్ధి చేసిన టన్నులను లెక్కపెట్టి మురిసిపోవడం నాకు నచ్చదు. బరువే కొలమానమైతే ఇనుము, ప్లాస్టిక్ చాలు. యంత్రంలో వేసి పొడి చేస్తే టన్నులు నిండుతాయి, బంగారపు రేణువులు మాత్రం ఇనుప కుప్పకు అంటుకుని పోతాయి. స్విట్జర్లాండ్‌లో వస్తువు కొన్నప్పుడే రీసైక్లింగ్ రుసుము ధరలో కలిపి తీసుకుంటారు. గిట్టని అయస్కాంతాన్ని ఊడదీసే మనిషికి కూలి అలాంటి రుసుము నుంచే రావాలి.