క్రైనమ్ గింజ తేలినంత మేర

క్రైనమ్ ఏషియాటికమ్ అనే తెల్లపూల మొక్క సహజంగా పెరిగే చోట్లను పటం మీద గుర్తిస్తే చాలామటుకు సముద్రతీరాలే కనిపిస్తాయి. భారత్, శ్రీలంక, మయన్మార్, మలేసియా, ఇండోనేసియా, ఫిలిప్పీన్స్, దక్షిణ చైనా, తైవాన్, పైన జపాన్. ఉల్లిగడ్డలాంటి దుంప ఉన్న మొక్క ఇన్ని దీవులకు ఎలా చేరిందో దాని గింజను చూస్తే తెలుస్తుంది.

కాయ 3 నుంచి 5 సెంటీమీటర్లు ఉంటుంది, లోపల సాధారణంగా ఒకటే గింజ. మామూలు గింజలకు ఉండే పెంకు దీనికి లేదు. మొలకకు ఆహారమిచ్చే కండే పైన బెండులాంటి తేలిక పొరను కట్టుకుంటుంది, అందుకే ఉప్పునీటిలో మునగదు. కాయల బరువుకు పూకాడ నేలకు వాలి, గింజను తల్లిమొక్కకు కొంచెం దూరంగా దించుతుంది. అక్కడికి అల వస్తే చాలు.

ఉత్తరాన దీన్ని ఆపేది చలి. జపాన్‌లో ఈ మొక్క ఉత్తరపు హద్దు, ఏడాది సగటు ఉష్ణోగ్రత 15 డిగ్రీల సెల్సియస్ ఉండే చోట్లను కలిపే గీతకు దగ్గరగా నడుస్తుందని కోషిమిజు అనే వృక్షశాస్త్రవేత్త 1938లో చూపాడు. మొక్కకు అక్కడున్న పేరుతోనే దాన్ని హమఓమోతో రేఖ అంటారు.

గుత్తికి 10 నుంచి 24 తెల్లపూలు. సాయంత్రం విచ్చుకుని రాత్రి పరిమళిస్తాయి. పూగొట్టం 7 నుంచి 10 సెంటీమీటర్ల పొడవు కాబట్టి, అడుగున ఉన్న తేనె పొడవాటి తొండమున్న హాక్‌మాత్ చిమ్మటలకే అందుతుంది.

పెంచాలంటే గింజను తాజాగా ఉండగానే వేయాలి. ఎండబెట్టి దాచితే చచ్చిపోతుంది. ఇసుక కలిపిన మట్టి మీద సగం మాత్రమే దిగేలా పెట్టాలి, లోతుగా పూడిస్తే కుళ్లుతుంది. నీళ్లూ అతిగా పోయొద్దు, తేమ గింజలోనే ఉంది. మొదట వేరులాంటి కాడ ఒకటి మట్టిలోకి దిగుతుంది. నిజానికి అది బీజదళం, అంటే గింజలోని తొలి ఆకు. దాని కొసన, నేల లోపల బుల్లి దుంప ఊరుతుంది, ఆకు అక్కడి నుంచే లేస్తుంది. ఈలోగా గింజ ముడతలు పడితే పాడైందని తీసి పారేస్తుంటారు. అది దుంపకు ఆహారం పంపుతోంది, కదపకూడదు.

దుంపలో లైకోరిన్ అనే విషపు ఆల్కలాయిడ్ ఉంది, తింటే వాంతులవుతాయి. పిల్లలకు, పశువులకు అందకుండా చూడాలి. లిల్లీ చిమ్మట గొంగళిపురుగులను మాత్రం ఆ విషం ఆపదు. గుంపుగా ఆకులను కొరికేస్తాయి. చిన్నగా ఉన్నప్పుడే చేతితో ఏరేయడం తేలిక.