బోగతలో నీళ్లేవి డ్రైవరన్నా? ఓరుగల్లు చుట్టుపక్కల టూర్లు: అపోహలు, వాస్తవాలు

పందొమ్మిదేళ్లుగా హన్మకొండలో టూరిస్టు బండి నడుపుతున్నా. మొదట ఒకరి దగ్గర జీతానికి, తర్వాత సొంత బండి. పొద్దున బండెక్కేటప్పుడు పార్టీ (బండి మాట్లాడుకొని వచ్చినవాళ్లు) మొహం చూస్తా, సాయంత్రం దిగేటప్పుడు డోరు వేసే చప్పుడు వింటా. ధడేల్మని వేశారంటే ఫోన్లో చూసిందొకటి, ఇక్కడ కనబడ్డదొకటి అన్నమాట.

మా దిక్కు చూడాలని వచ్చే చోట్లలో చాలావరకు ఎవరో వచ్చి చూడాలని కట్టినవి కావు. చెరువు వరి పొలానికి కట్టారు, గద్దె మొక్కుకు వెలిసింది. మన సెలవులు చూసుకొని అవి ముస్తాబు కావు. పార్టీలు మళ్లీ మళ్లీ తప్పుగా అనుకొని వచ్చేవి కొన్ని రాస్తున్నా.

అపోహ: వరంగల్ కోట గోల్కొండలాగా గుట్ట మీద ఉంటుంది

"చాలా ఎక్కాలా అన్నా, బూట్లు తెచ్చుకున్నం" అంటారు. ఓరుగల్లు కోట నేల మీది కోట. బయట మట్టికోట, లోపల రాతికోట, చుట్టూ కందకాలు. గణపతిదేవుడి కాలపు కట్టడాన్ని రుద్రమదేవి ఇంకా బలపరిచింది. గోడల లోపల ఇప్పటికీ ఊరుంది. ఖిలా వరంగల్ అంటే అదే. ఇళ్లు, బడి, కిరాణా కొట్లు అన్నీ ఉంటాయి, బర్రెలు అడ్డం వస్తాయి. మట్టికోటనైతే చాలామంది గుర్తే పట్టరు. గడ్డి మొలిచిన చెరువుకట్టలా ఉంటుంది. దాన్ని దాటి పోతుంటే వెనక సీటులోంచి "కోట ఇంకెంత దూరం?" అని వినబడుతుంది. అప్పటికే కోటలో ఉంటాం.

రాతికోట ద్వారం దగ్గర నేను బండి మెల్లగా పోనిస్తా. దారి నేరుగా లోపలికి పోదు. గోడకు ఎదురుగా వెళ్లి, పక్కకు తిరిగి, మళ్లీ ఇంకో పక్కకు తిరుగుతుంది. ఏనుగులతో, గుర్రాలతో దూసుకొచ్చే శత్రువు అక్కడ ఆగాలి, ఆగినప్పుడు పైనుంచి దెబ్బ పడాలి. దానికోసం పెట్టిన వంకర అది. ఇప్పుడు ఆ మలుపులో ఆటో, స్కూలు బస్సు ఎదురుపడితే హారన్లు కొట్టుకొని, ఎవరో ఒకరు రివర్స్ చేయాల్సిందే. కాకతీయుల ఉపాయం ఇంకా పని చేస్తోందన్నమాట. తోరణాల కన్నా నాకు ఈ మలుపే ఎక్కువ ఇష్టం, ఫొటో మాత్రం ఎవరూ తీయరు.

తోరణం సంగతీ అంతే. రాష్ట్ర చిహ్నంలో చూసి అది కోట గేటనీ, ఒక్కటే ఉంటుందనీ అనుకుంటారు. కీర్తి తోరణాలు నాలుగు, నాలుగు దిక్కులకు. అవి కోటవి కావు, మధ్యలో ఉన్న స్వయంభూ దేవుడి గుడివి. 1323లో ఢిల్లీ సేన కోటను పట్టుకుంది. గుడి పోయింది, తోరణాలు నిలబడ్డాయి. ఇప్పుడు మధ్యలో విరిగిన స్తంభాలు, నందులు, దూలాలు వరసగా పేర్చి ఉంటాయి. అక్కడ పైకప్పు లేదు, నీడ లేదు. మధ్యాహ్నం పన్నెండింటికి పోతే రాయి కాలుతుంది, మనిషికి కోపమొస్తుంది. నాలుగు దాటాక పోండి. గుట్ట ఎక్కాలని మరీ ఉబలాటంగా ఉంటే కోట లోపలే ఏకశిల గుట్ట ఉంది. ఆ బూట్లు అక్కడ పనికొస్తాయి.

అపోహ: వేయి స్తంభాల గుడిలో లెక్కపెడితే వెయ్యి వస్తాయి

పిల్లలతో పందెం కట్టి వచ్చే తండ్రులుంటారు. నూరు దాటక ముందే లెక్క తప్పుతుంది. నిలువెత్తు స్తంభాలే లెక్కేస్తే వెయ్యి రావు. గోడల్లో చెక్కిన చిన్నచిన్న స్తంభాలు కూడా కలుపుకోవాలని పెద్దలు సర్దిచెబుతారు. 1163లో రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం ఇది. శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భాలయాలు. ఇప్పుడు పూజ జరిగేది రుద్రేశ్వరుడికే.

ఇంకో ఆశాభంగం, గుడి ఎక్కడో ప్రశాంతమైన చోట ఉంటుందనుకోవడం. హన్మకొండ నుంచి వరంగల్ పోయే మెయిన్ రోడ్డు పక్కనే ఉంటుంది, బస్సుల మోత వినబడుతూనే ఉంటుంది. ఎదురుగా ఉన్న కల్యాణ మండపాన్ని మళ్లీ కట్టడానికని 2006లో విప్పారు. ఏళ్ల తరబడి పార్టీలకు నేను చూపించింది నంబర్లు వేసిన రాళ్ల కుప్పలే. 2024 మార్చిలో, శివరాత్రికి, మండపం మళ్లీ తెరుచుకుంది. పాత రోజుల్లో చూసి "ఏం లేదక్కడ" అని పోయినవాళ్లు ఇంకోసారి రావాలి.

అపోహ: రామప్ప గుడి నీళ్లలో తేలుతుంది

నవ్వకండి, ఈ మాట నన్ను నిజంగానే అడిగారు. పక్కన రామప్ప చెరువు ఉండటంతో ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. తేలేవి ఇటుకలు, అవి కూడా గోపురంలో వాడినవే. నీటికన్నా తేలికైన ఇటుకతో శిఖరం కట్టి కింద బరువు తగ్గించారు. గోడలు ఎర్రటి ఇసుకరాయి, స్తంభాలు, మదనికలు అనే ఆడబొమ్మలు నల్లరాయి. పునాదిలో ఇసుక నింపారు. లోపల నేల ఎగుడుదిగుడుగా ఉన్నా గుడి నిలబడే ఉంది. ఇటుకను బకెట్‌లో వేసి చూపిస్తారనుకొని రావద్దు. శిఖరం కింద నిలబడి పైకి చూడటమే.

"శిల్పి పేరు మీదున్న ఒకే ఒక్క గుడి" అని కూడా ప్రచారం. రామప్ప శిల్పి అనేది జనం నోట్లో నడుస్తున్న మాట. గుడి ఆవరణలో ఉన్న శాసనం చెప్పేది, 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు రుద్రేశ్వరుడికి కట్టించాడని. 2021 జూలైలో యునెస్కో జాబితాలోకి ఎక్కినప్పుడు కూడా అధికారిక పేరు కాకతీయ రుద్రేశ్వరాలయమే, రామప్ప బ్రాకెట్లో ఉంటుంది.

యునెస్కో పేరు విని తంజావూరంత గుడి ఉంటుందని వస్తారు. చిన్నది. చుట్టూ తిరగడానికి పది నిమిషాలు చాలు, దిగిన అరగంటకే "ఇంకేంది?" అని నా వైపు చూస్తారు. నేను లోపలికి తీసుకెళ్లి స్తంభం మీద జల్లెడలా చెక్కిన పని చూపిస్తా. గుండుసూది పట్టేంత రంధ్రాలు. అక్కడి గైడు ఒక చీపురుపుల్ల తీసి ఒక పక్క దూర్చి ఇంకో పక్క తీస్తాడు. తర్వాత బయటకొచ్చి, పైన వాలి ఉన్న మదనికల్లో ఎత్తుమడమల చెప్పులేసుకున్న ఆమెను వెతకమని పిల్లలకు చెబుతా. దానికి ఇరవై నిమిషాలు పడుతుంది, ఈలోగా పెద్దవాళ్లు కూడా మెడలెత్తుతారు. గైడును తీసుకోండి. ఆ డబ్బులు మిగిలించుకున్నవాళ్లే డోరు గట్టిగా వేస్తారు.

అపోహ: బోగత జలపాతం ఎప్పుడు పోయినా నయాగరానే

ఇది నా నెత్తిన పడ్డ కథ. గోదావరి మీద ఏటూరునాగారం దగ్గర వంతెన పడ్డాకే బోగత మాకు దగ్గరైంది. వంతెన పడ్డ కొత్తలో, ఒక ఏప్రిల్ నెలలో, కరీంనగర్ నుంచి వచ్చిన ఒక కుటుంబం బోగత పోదామన్నారు. కిరాయి దొరికింది కదా అని తలూపిన. వరంగల్ నుంచి నూట నలభై కిలోమీటర్లు. దిగి చూస్తే రాళ్ల మీద ఎండిన నాచు, ఒక మూలన దారమంత ధార, కింద మడుగులో ఆకుపచ్చ నీళ్లు. ఆ ఇంటి పెద్దాయన చేతిలో తువ్వాల, బట్టల సంచి. నన్ను చూసి "తమ్మీ, నీకు తెల్వదా?" అన్నాడు. తెలుసు. నోరు రాలేదు. వచ్చేటప్పుడు బండిలో పాటలు కూడా పెట్టనియ్యలేదు.

బోగత వానతో బతుకుతుంది. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా మంచి కాలం. అందులోనూ ఒక చిక్కుంది. భారీ వానలు పడ్డ వారంలో పోతే నీళ్లు ఎర్రమట్టి రంగులో, భయం పుట్టించేలా ఉంటాయి, అటవీశాఖవాళ్లు నీళ్లలో దిగనియ్యరు, ఒక్కోసారి లోపలికే పోనియ్యరు. ఫొటోల్లో కనబడే పాలనురుగు వాన తగ్గిన నాలుగైదు రోజులకు వస్తుంది. దీని అందం వెడల్పులో ఉంది, ఎత్తు చూసి డంగైపోయేంత లేదు. ఎత్తు కావాలంటే ఆదిలాబాద్ జిల్లాలో కడెం వాగు మీద కుంటాల ఉంది, కానీ అది పూర్తిగా వేరే టూరు. పోతే మెట్లు దిగేటప్పుడే మళ్లీ ఎక్కాలన్న సంగతి మోకాళ్లకు చెప్పండి. నీళ్లలో రాళ్లు పాకుడు పట్టి ఉంటాయి, ఏటా ప్రాణాలు పోతున్నాయి. ఈ ఒక్క మాట దగ్గర నేను పార్టీతో కొట్లాటకైనా సిద్ధం.

లక్నవరం కథ కూడా ఇలాంటిదే. గుట్టల సందుల్లో కట్టలు పోసి కాకతీయులు కట్టిన సాగునీటి చెరువు అది. కింద ఆయకట్టు ఉంది. యాసంగికి నీళ్లు వదిలాక, ఎండాకాలంలో వేలాడే వంతెన కింద మట్టి తేలుతుంది, దీవులు గుట్టల్లా కనబడతాయి. రైతుకు అవి మంచి రోజులు. బోటు షికారుకు వచ్చినవాళ్లకు కాదు. చెరువు నిండిన సెప్టెంబరు నుంచి జనవరి దాకా, ఆదివారం కాని రోజున, పొద్దున్నే పోండి.

అపోహ: మేడారంలో పెద్ద గుడి, అమ్మవార్ల విగ్రహాలు ఉంటాయి

గుడి గోపురం, మూలవిరాట్టు అని వెతుక్కోవద్దు. గద్దెలు ఉంటాయి. జాతరప్పుడు కన్నెపల్లి నుంచి సారలమ్మను, చిలకలగుట్ట నుంచి సమ్మక్కను కోయ పూజారులు తీసుకొచ్చి గద్దెల మీద నిలుపుతారు. సమ్మక్క వచ్చేది కుంకుమ భరిణె రూపంలో. రెండేళ్లకోసారి మాఘ మాసంలో పున్నమి దగ్గర నాలుగు రోజులు, 1996 నుంచి రాష్ట్ర పండుగ. 2026లో జనవరి 28 నుంచి 31 వరకు.

ఒకసారి హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి, "అమ్మవారికి బంగారం ఎన్ని గ్రాములు తేవాలండీ?" అని ఒకామె అడిగింది. అమ్మా, అక్కడ బంగారమంటే బెల్లం, మీ అబ్బాయి ఎంత బరువుంటే అంత తూకం వేసి ఇస్తారు అని చెప్పా. కాసేపు మాట్లాడలేదు, తర్వాత ఒకటే నవ్వు. జంపన్నవాగు కూడా పెద్ద నది అనుకుంటారు. జాతర కాలానికి అది సన్నబడుతుంది, స్నానాల కోసం లక్నవరం నుంచి నీళ్లు వదులుతారు. తోపులాట పడనివాళ్లు జాతర నాలుగు రోజులు వదిలేసి, నెల ముందే పోయి మొక్కు తీర్చుకోవచ్చు. మా వరంగల్ వాళ్లలో చాలామంది చేసేది అదే.

మేడారం దారిలో తాడ్వాయి అడవి దట్టంగా ఉంటుందని చెప్పి తీసుకుపోతే, 2024 ఆగస్టు 31న వచ్చిన సుడిగాలికి వేల చెట్లు ఒకే దిక్కుకు పడిపోయి కొన్నిచోట్ల ఆకాశమే కనబడింది. అది నేను కూడా అనుకోలేదు.

అపోహ: కాళేశ్వరం పోతే ప్రాజెక్టు చూడొచ్చు

కాళేశ్వరంలో ఉన్నది గుడి. ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, ఊరి పక్కన ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోటు. ప్రాజెక్టు అనేది ఒక్క చోట ఉండే వస్తువు కాదు. మేడిగడ్డ, అన్నారం, సుందిళ్ల బ్యారేజీలు, పంపుహౌసులు, సొరంగాలు, కాలువలు జిల్లాల పొడుగునా పరుచుకొని ఉంటాయి. 2023 అక్టోబరులో మేడిగడ్డ పిల్లర్లు కుంగాక "అది చూపించు" అనేవాళ్లు ఎక్కువయ్యారు. అది చూసే చోటు కాదు సార్, స్నానం చేసి దర్శనం చేసుకుందాం అంటా.

అపోహ: అభయారణ్యం అంటే పులి

పాకాల, ఏటూరునాగారం దారుల్లో ఇన్నేళ్లలో నాకు కనబడ్డవి కోతులు, నెమళ్లు, ఒక అడవిపంది. టైగర్ రిజర్వు కావాలంటే జన్నారం వైపు కవ్వాల్ ఉంది. అక్కడా పులికి మన వచ్చే టైం తెలియదు.

అపోహ: రెండు రోజుల్లో అన్నీ అయిపోతాయి

కోట, వేయి స్తంభాలు, భద్రకాళి గుడి ఒక రోజు. రామప్ప, లక్నవరం ఇంకో రోజు. అందులో బోగత ఇరికిస్తే అన్నిచోట్లా బండి దిగి ఎక్కడమే మిగులుతుంది. రైలులో వచ్చేవాళ్లకు ఒక మాట: హన్మకొండలో హోటల్ తీసుకుంటే కాజీపేటలో దిగండి, కోట ముందు చూడాలంటే వరంగల్ స్టేషన్.

అపోహ: పేరు వినని చోటులో ఏముంటుంది

రామప్పకు కొద్ది దూరంలోనే గణపురం కోటగుళ్లు ఉన్నాయి. కాకతీయుల నాటి గుళ్ల గుంపు. ఎవరూ అడగరు. నేనే దారి మళ్లిస్తా, "ఎందుకన్నా, టైం వేస్టు" అంటారు. మొన్న చలికాలంలో నిజామాబాద్ నుంచి ఇద్దరు టీచరమ్మలు, వాళ్ల అత్తమ్మ వచ్చారు. అత్తమ్మ రామప్పలో మెట్లు ఎక్కలేక బండిలోనే కూర్చుంది. కోటగుళ్లలో మాత్రం చెప్పులు విడిచి, కూలిన మండపం పక్కన గడ్డిలో ఒక విరిగిన రాతి మీద కూర్చుంది. ఏనుగు మీద సింహం ఎక్కిన బొమ్మ ఒకటి అక్కడ స్తంభం పైన వాలి ఉంటుంది. ఆమె దాన్నే చూస్తూ, "ఏనుగు పాపం, అన్నేళ్ల నుంచి మోస్తనే ఉన్నది" అంది. గుళ్ల మధ్య మేము నలుగురమే. మేకలు కాసే పిల్లగాడు వచ్చి ఆమె పక్కన కూర్చుంటే సంచిలోంచి సకినాలు తీసి వాడికి పెట్టింది, తర్వాత మా అందరికీ పెట్టింది.

ఆ రోజు లక్నవరం చేరేసరికి బోట్లు బంద్ అయినయి. ఒక్కరూ అడగలేదు.